టవరు ఎదురుగానే ఉంది, మాట మాత్రం తెగిపోతోంది

అమెరికాలో పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సిబ్బంది తమలో తాము మాట్లాడుకునే రేడియో మాటలను చేతిలో ఇమిడే స్కానర్‌తో వినడం గురించి కిందటి నెల ఈ శీర్షికలో ఒక చిన్న జవాబు ఇచ్చాను. దాని మీద వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే ఫిర్యాదును వేరువేరు మాటలలో చెప్పినవే కాబట్టి, ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మేము టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటున్నాము. వసంతకాలంలో టోర్నడో హెచ్చరికలు వచ్చినప్పుడు బయట ఏం జరుగుతోందో తెలుసుకోవచ్చునని ఒక డిజిటల్ స్కానర్ కొన్నాను. మా మేడ మీది కిటికీలోంచి చూస్తే యాంటెనాలు బిగించిన నీళ్ల ట్యాంకు కనబడుతుంది. కిలోమీటరున్నర కూడా ఉండదు. స్కానర్‌లో సిగ్నల్ గీతలు ఐదుకు ఐదూ నిండుగా ఉంటాయి. అయినా మాట మధ్యలో తెగిపోతుంది, కొన్నిసార్లు నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టు గుడగుడలాడుతుంది. పెద్ద యాంటెనా కొని తగిలిస్తే పరిస్థితి ఇంకా అధ్వాన్నమైంది. స్కానర్ చెడిపోయిందంటారా?
— ఒక పాఠకుడు, ప్లేనో

జవాబు: మీ స్కానర్ చెడిపోలేదు. మీరు కొన్న యాంటెనా కూడా మంచిదే కావచ్చు. మీ ఇంట్లో సిగ్నల్‌కు కొరత లేదు. ఒకే సిగ్నల్ నాలుగైదు చోట్ల నుంచి బయలుదేరి మీ కిటికీ దగ్గరకు వచ్చేసరికి ఒకదానితో ఒకటి కలబడుతోంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ సైమల్‌కాస్ట్ చిక్కు లక్షణాలే.

మన ఊళ్లలో శ్రీరామనవమికి పందిట్లో హరికథ జరుగుతుంటే, ఊరంతటికీ వినబడాలని మైకుసెట్టు అతను ఈ చివర కరెంటు స్తంభానికి ఒక హారను, ఆ చివర వేపచెట్టుకు మరొక హారను కడతాడు. ఏదో ఒక హారను కింద నిలబడ్డవాడికి ప్రతి మాటా తేటగా వినబడుతుంది. రెండింటికీ నడుమనున్న ఇంటి అరుగు మీద కూర్చున్నవాడికి మాత్రం ఒక హారను మాట మీద రెండో హారను మాట వచ్చి పడి, చప్పుడు కావలసినంత ఉన్నా దాసుగారు ఏం చెబుతున్నారో అర్థం కాదు. అతడి చెవులు ఎంత పెద్దవి చేసినా ప్రయోజనం లేదు. అరుగు దిగి ఏదో ఒక హారను వైపు నాలుగడుగులు నడవడమో, రెండో వైపు చెవికి చేయి అడ్డం పెట్టుకోవడమో చేయాలి. మీరు పెద్ద యాంటెనా తగిలించడమంటే చెవులు పెద్దవి చేసుకోవడమే. దూరపు టవర్ల నుంచి వచ్చే ఆలస్యపు మాటలను కూడా అది శ్రద్ధగా పోగుచేసి తెచ్చింది.

ఒక పట్టణంలోనో కౌంటీలోనో (మన జిల్లా వంటిది) ఉన్న టవర్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే క్షణాన, ఒకే మాటను ప్రసారం చేయడమే సైమల్‌కాస్ట్. టవర్ల గడియారాలు జీపీఎస్ ఆధారంగా ఒక్కటిగా నడుస్తాయి. ఫ్రీక్వెన్సీలు తక్కువ, జనం ఎక్కువ ఉన్న నగరాలలోను, డాలస్ చుట్టుపక్కల వంటి శివారు పట్టణాలలోను ఈ పద్ధతి బాగా ప్రబలింది. పోలీసు కారు ఏ వీధిలోకి తిరిగినా, ఏ భవనం నేలమాళిగలోకి సిబ్బంది దిగినా, ఏదో ఒక టవరు అందుతుందన్నది దాని లక్ష్యం. ఆ లక్ష్యం వాళ్ల రేడియోలకు నెరవేరుతుంది. ఇంట్లో కూర్చుని వినే మనలను దృష్టిలో పెట్టుకుని దానిని ఎవరూ రూపొందించలేదు, రూపొందించనవసరమూ లేదు.

అక్కడ ఎక్కువగా వాడుకలో ఉన్న డిజిటల్ ప్రమాణం పేరు పి-25. ప్రజాభద్రతా సమాచార అధికారుల సంఘమైన ఆప్కో 1989లో ఆరంభించిన ప్రాజెక్టు సంఖ్యే దాని పేరుగా నిలిచిపోయింది. దాని మొదటి దశలో 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్ మీద సెకనుకు 9,600 బిట్లు ప్రయాణిస్తాయి. అందులో అసలు మాటకు దక్కేవి 4,400. దారిలో దొర్లిన తప్పులను దిద్దుకోవడానికి మరో 2,800. మిగిలినవి ఎవరు, ఏ బృందంతో మాట్లాడుతున్నారన్న చిరునామా వ్యవహారానికి పోతాయి. మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. ముక్కలో కొద్దిపాటి తప్పులుంటే స్కానర్ వాటిని దిద్దుకుంటుంది. దిద్దగలిగే హద్దు దాటితే వెనకటి ముక్కనే మళ్లీ వినిపిస్తుంది, లేదా ఊరుకుంటుంది. మీకు వినబడే గుడగుడలు, మధ్యమధ్య వచ్చే ఖాళీలు అవే. పాత అనలాగ్ రేడియోలో సిగ్నల్ తగ్గేకొద్దీ బరబర పెరిగేది గాని మాట ఎంతో కొంత చెవిన పడేది. డిజిటల్‌లో ఆ మెల్లని దిగుడు లేదు. గట్టు చివరిదాకా చదునుగా నడిచి, తర్వాత ఒక్కసారిగా పడిపోవడమే.

ఇప్పుడు టవర్ల సంగతి. ఆ 9,600 బిట్లూ జంటలు జంటలుగా, సెకనుకు 4,800 సంకేతాల రూపంలో వస్తాయి. అంటే ఒక్కొక్క సంకేతం ఆయుష్షు సుమారు 208 మైక్రోసెకన్లు. రేడియో తరంగానికి కిలోమీటరు దాటడానికి 3.3 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి, మీకు దగ్గరి టవరు కంటే మరొక టవరు 15 కిలోమీటర్లు ఎక్కువ దూరాన ఉంటే, అది పంపిన అదే సంకేతం 50 మైక్రోసెకన్లు, అనగా సంకేతం ఆయుష్షులో దాదాపు నాలుగో వంతు, ఆలస్యంగా చేరి, ముందు వచ్చినదాని మీద పడుతుంది. అంతేకాక ఆ రెండు తరంగాలూ ఒకచోట కలిసి బలపడతాయి, మరొకచోట ఎదురై రద్దవుతాయి. 855 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 35 సెంటీమీటర్లు మాత్రమే కాబట్టి, బాగా వినిపించే చోటికీ ఏమీ వినిపించని చోటికీ మధ్య జానెడు దూరం కూడా ఉండకపోవచ్చు. గీతలు ఐదున్నా మాట రాకపోవడంలోని కిటుకు ఇక్కడే ఉంది: ఆ గీతలు వచ్చిన శక్తి ఎంతో చెబుతాయి గాని, ఆ శక్తి ఒక నోటి నుంచి వచ్చిందో నాలుగు నోళ్ల నుంచి వచ్చిందో చెప్పవు.

మరి పోలీసు చేతిలోని రేడియోకు ఈ బాధ ఎందుకు లేదని మీరు అడగవచ్చు. ఆ రేడియోలు తరంగం ఎత్తునూ దశనూ (ఫేజ్) రెండింటినీ గమనించి, కలబడిన ప్రతులను విడదీసుకునేలా తయారవుతాయి. చాలా స్కానర్లు మాత్రం పాత ఎఫ్‌ఎం రేడియో పద్ధతిలో ఫ్రీక్వెన్సీ ఊగిసలాటను మాత్రమే చూసి మిగతాది వదిలేస్తాయి. సైమల్‌కాస్ట్ టవర్లు తరచుగా వాడే మాడ్యులేషన్‌లో, అంటే మాటను తరంగం మీదకు ఎక్కించే పద్ధతిలో, ఎత్తు కూడా మారుతుంది గనుక, ఆ వదిలేసిన భాగంలోనే అసలు కబురు సగం ఉంటుంది. 2018లో వచ్చిన యూనిడెన్ ఎస్‌డీఎస్‌100 ఈ లోటును తీర్చడానికి ఎత్తు, దశ రెండింటినీ పట్టే ఐ-క్యూ రిసీవరుతో తయారైన చేతి స్కానర్. 2014 నాటి బీసీడీ436హెచ్‌పీ మంచి పరికరమే అయినా ఆ ఏర్పాటు దానిలో లేదు. అగ్నిమాపక వాలంటీర్లు నడుముకు పెట్టుకునే యూనికేషన్ జీ4, జీ5 పేజర్లు కూడా సైమల్‌కాస్ట్‌ను బాగా తట్టుకుంటాయి. మీ దగ్గర ఉన్నది ఏ నమూనాయో మీరు రాయలేదు. ఎస్‌డీఎస్‌100 అయితే, దాని మెనూలో ఫిల్టర్ అనే అమరికను సైటు (కలిసి ప్రసారం చేసే టవర్ల గుంపు) సైటుకీ మార్చి చూడండి. ఒక చోట మామూలు ఫిల్టర్, మరొక చోట తలకిందుల (ఇన్వర్ట్) ఫిల్టర్ నప్పుతాయి. ఇది ముందుగా లెక్కగట్టి చెప్పగలిగేది కాదు, విని తేల్చుకోవలసిందే.

వేరే స్కానర్ అయితే, ఆరేడు వందల డాలర్లు పోసి కొత్తది కొనే ముందు ఖర్చు లేని ఉపాయాలు కొన్ని ఉన్నాయి. ఆ పెద్ద యాంటెనా తీసేసి పెట్టెతో వచ్చిన పొట్టి యాంటెనానే పెట్టండి. స్కానర్‌ను కంట్రోల్ ఛానల్ (ఎవరు ఏ ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడుతున్నారో ప్రకటించే ఛానల్) మీద నిలిపి, తెరమీద తప్పుల సంఖ్యను చూస్తూ ఇల్లంతా నెమ్మదిగా తిరగండి. సిగ్నల్ గీతలను పూర్తిగా మరచిపోయి, తప్పుల సంఖ్య ఎక్కడ పడిపోతుందో ఆ చోటు గుర్తు పెట్టుకోండి. నేను అద్దె అపార్ట్‌మెంటులో ఉన్న రోజులలో బాల్కనీలో, కిటికీలలో, మంచం తలాపున పెట్టి విసిగి, చివరకు వంటగదిలో ఫ్రిజ్‌కూ గోడకూ మధ్య బియ్యం డబ్బా మీద పెడితే మాట గంట కొట్టినట్టు వచ్చింది. ఫ్రిజ్ ఇనుప ఒళ్లు ఒక పక్క టవర్లను కప్పేసి, రెండో పక్కదాన్ని మాత్రమే రానిచ్చింది. స్కానర్‌ను నాలుగు అంగుళాలు ఇటు జరిపితే మళ్లీ గుడగుడ. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా మా ఇంట్లో అగ్నిమాపక విభాగం స్థిరనివాసం బియ్యం డబ్బా మీదే.

అదీ కుదరకపోతే యాంటెనాను పూర్తిగా తీసి, దాని రంధ్రంలో కాగితాలకు పెట్టే క్లిప్పును సాగదీసి గుచ్చి చూడండి. నవ్వకండి; సైమల్‌కాస్ట్ ప్రాంతాలలో స్కానర్ అభిరుచి ఉన్నవాళ్లందరికీ తెలిసిన విద్య ఇది. దగ్గరి టవరు ఎలాగూ వినబడుతుంది, దూరపువి వినబడకుండా పోతాయి. స్కానర్‌లో సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ మీట కూడా అదే పని చేస్తుంది. స్థిరంగా ఒకచోట పెట్టి వినేటట్లయితే, ఒకే దిక్కును చూసే యాగీ యాంటెనాను కొని ఆ నీళ్ల ట్యాంకు వైపు గురిపెట్టండి. 800 మెగాహెర్ట్జ్ యాగీ పుల్లలు సుమారు 17 సెంటీమీటర్లే ఉంటాయి కాబట్టి కిటికీ గట్టు మీద సరిపోతుంది. అయితే దాన్ని అటకమీదకు ఎక్కించకండి. టెక్సస్‌లోని ఎన్నో ఇళ్లకు ఎండ వేడి ఆపడానికి పైకప్పు లోపలి వైపు అల్యూమినియం రేకు అతికిస్తారు. కొత్త ఇళ్ల కిటికీ అద్దాలకు వెండితో కూడిన పలుచని పూత ఉంటుంది. రెండూ రేడియో తరంగాలను ఆపుతాయి. ఆ అద్దమే మీ ఇంట్లో ఒక పక్క శత్రువు, మరో పక్క మిత్రుడు కావచ్చు.

చివరగా, టోర్నడో హెచ్చరికలే మీ ముఖ్యోద్దేశమైతే ఇంత శ్రమ అక్కరలేదు. జాతీయ వాతావరణ సేవ 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వరకు ఏడు ఛానళ్లలో రాత్రింబవళ్లు చేసే ప్రసారం మామూలు అనలాగ్ ఎఫ్‌ఎం. మీ స్కానర్ దాన్ని ఇప్పుడే, ఏ కుస్తీ లేకుండా వినిపిస్తుంది.

ప్రశ్న: గరాజ్ సేల్‌లో పాత స్కానర్ ఒకటి పదిహేను డాలర్లకు కొన్నాను. పోలీసు ఫ్రీక్వెన్సీలు కొట్టి చూస్తే బర్రుమని ఆగకుండా ఒకటే మోత తప్ప మాట లేదు. దీన్ని డిజిటల్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?
— ఒక గృహిణి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: లేదమ్మా. ఆ పెట్టెలో డిజిటల్ మాటను విప్పే చిప్పే లేనప్పుడు సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి చోటు లేదు. అయితే మీరు విన్న ఆ బర్రుమనే మోత వృథా శబ్దం కాదు, అది బహుశా కంట్రోల్ ఛానల్.

విజయవాడ బస్టాండులో కూర్చుని ఏలూరు బస్సు కోసం ఎదురుచూసిన అనుభవం మీకు ఉండే ఉంటుంది. బస్సు ప్రతిసారీ ఒకే ప్లాట్‌ఫారానికి వస్తుందన్న నమ్మకం లేకపోతే, మనం మైకులో వచ్చే ప్రకటన మీదే చెవి పెట్టుకుని కూర్చుంటాము. ‘ఏలూరు వెళ్లు బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీద’ అనగానే సంచులు పట్టుకుని అటు పరుగెత్తుతాము. ట్రంకింగ్ అన్న ఏర్పాటు సరిగ్గా ఇదే. అగ్నిమాపక విభాగానికి ఒక టాక్‌గ్రూప్ సంఖ్య, గస్తీ పోలీసులకు మరొకటి ఉంటాయి. ఎవరైనా మాట్లాడటానికి మీట నొక్కగానే, కంప్యూటరు ఆ క్షణాన ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీని వాళ్లకు కేటాయించి, ఆ సంగతిని కంట్రోల్ ఛానల్ మీద ప్రకటిస్తుంది. ఆ బృందంలోని రేడియోలన్నీ అటు దూకుతాయి. మాట ముగియగానే వెనక్కి వస్తాయి. మీ పాత స్కానర్ ప్రకటనల మైకును వింటోంది గాని ఆ భాష దానికి రాదు. ఒకవేళ ఏదో ఒక ప్లాట్‌ఫారం దగ్గరే కాపలా కాసినా, మొదటి వాక్యం పోలీసులది, రెండవ వాక్యం చెత్త బండి వాళ్లది అవుతుంది.

కొత్తది కొనాలనుకుంటే ఒక్క విషయం చూసుకోండి. న్యూజెర్సీ రాష్ట్రమంతటికీ ఉన్న వ్యవస్థ 700 మెగాహెర్ట్జ్ మీద, పి-25 రెండవ దశలో నడుస్తుంది. రెండవ దశలో ఒకే 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌ను కాలం ప్రకారం రెండు వంతులు చేసి, ఇద్దరి మాటలను ఒకరి తర్వాత ఒకరివి చిన్న చిన్న ముక్కలుగా పంపుతారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే బీసీడీ396ఎక్స్‌టీ వంటివి డిజిటలే అయినా మొదటి దశ వరకే వింటాయి. అమ్మేవాడు ‘డిజిటల్’ అన్న ఒక్క మాట చెప్పి ఊరుకుంటాడు. ఏ దశ అని మీరే అడగాలి. డీఎంఆర్, ఎన్‌ఎక్స్‌డీఎన్ అనే ఇతర డిజిటల్ పద్ధతులకు కొన్ని యూనిడెన్ నమూనాలలో విడిగా డబ్బు కట్టి తాళం తెరిపించుకోవాలి. దుకాణంలో చెప్పే ధరలో ఇది కలిసి ఉండదు.

కొన్న తర్వాత చాలామంది చేసే పొరపాటు కూడా చెబుతాను. జిప్ కోడ్ నొక్కితే స్కానర్ తనలోని డేటాబేసు నుంచి చుట్టుపక్కల వ్యవస్థలన్నింటినీ ఎత్తుకుంటుంది. పరిధి 30 మైళ్లు పెట్టారంటే మీ పట్టణపు అగ్నిమాపక శకటం బయలుదేరే వేళకు అది ఎక్కడో పక్క కౌంటీ స్కూలు బస్సులను వింటూ ఉంటుంది. ఆ పరిధిని బాగా తగ్గించండి, లేదా మీకు కావలసిన ఒక్క వ్యవస్థను, దానిలో మీ ఇంటికి పనికొచ్చే ఒక్క సైటును, నాలుగైదు టాక్‌గ్రూపులను ఒక జాబితాగా చేసుకోండి.

ఆ పదిహేను డాలర్ల పెట్టెను పారేయకండి. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా ఏఎం పద్ధతి దానిలో ఉంటే నెవార్క్ విమానాల పైలట్లు కంట్రోల్ టవరుతో మాట్లాడే మాటలు వినవచ్చు. అవి ఇప్పటికీ అనలాగే. 160, 161 మెగాహెర్ట్జ్‌ల ప్రాంతంలో రైళ్లు కూడా దొరుకుతాయి. పిల్లలుంటే ఆ రెండూ పోలీసు ఛానళ్ల కంటే ఎక్కువ ముచ్చట.

ప్రశ్న: నేను ఏళ్ల తరబడి న్యూయార్క్ పోలీసుల మాటలు వింటున్నాను. ఇప్పుడు ఒక్కొక్క ఛానలూ మూగబోతోంది. కొత్త స్కానర్ కొంటే వస్తాయా? ఎన్‌క్రిప్షన్ విప్పే పరికరం ఉందని ఒక మిత్రుడు అంటున్నాడు, నిజమేనా?
— ఒక పాఠకుడు, జెర్సీ సిటీ

జవాబు: రావు, ఆ మిత్రుడి మాట నమ్మి డబ్బు పంపకండి. న్యూయార్క్ నగర పోలీసులు 2023లో బ్రూక్లిన్ స్టేషన్లతో మొదలుపెట్టి ఛానళ్లను ఎన్‌క్రిప్షన్‌లోకి, అంటే మాటకు తాళం వేసే పద్ధతిలోకి, మారుస్తూ వచ్చారు. డెన్వర్ పోలీసులు 2019లోనే మారారు. షికాగోలో 2022 నుంచి మారుస్తూ, ప్రజల కోసం మాటలను 30 నిమిషాలు ఆలస్యంగా వినిపించే ఏర్పాటు చేశారు. పి-25లో సాధారణంగా వాడే 256 బిట్ల ఏఈఎస్ తాళాన్ని ఏ స్కానర్ తయారీదారూ విప్పలేడు. విప్పే ప్రయత్నం చట్టరీత్యా నేరం కూడా. తాళం పడిన టాక్‌గ్రూప్ వచ్చినప్పుడు మంచి స్కానర్ చేయగలిగింది దాన్ని గుర్తుపట్టి దాటిపోవడమే. నాసిరకానివి దాన్ని విప్పబోయి వికృతమైన అరుపులు వినిపిస్తాయి.

ఈ మార్పుకు రెండు పక్షాలూ ఉన్నాయి. రేడియోలో డ్రైవింగ్ లైసెన్సు సంఖ్యలు, పుట్టిన తేదీలు, బాధితుల ఇంటి చిరునామాలు చదువుతారు. అవి ఎవరు పడితే వారు వినడం మంచిది కాదని కాలిఫోర్నియా న్యాయశాఖ 2020లో అక్కడి పోలీసులకు చెప్పింది, ఆ తర్వాత అక్కడ ఎన్నో విభాగాలు తాళం వేశాయి. ఆ వాదనను నేను కొట్టిపారేయను. కానీ వ్యక్తిగత వివరాలకు ఒక ఛానల్ విడిగా పెట్టి, మామూలు పిలుపులను బాహాటంగా ఉంచడం అసాధ్యమేమీ కాదు. విలేకరులు ఆ ఛానళ్ల మీదే ఆధారపడి సంఘటనా స్థలానికి చేరుకునేవారు. అన్నింటికీ కలిపి తాళం వేయడం తేలికైన పని గనుక వేశారేమోనని నా అనుమానం.

అగ్నిమాపక, అంబులెన్సు మాటలు మాత్రం చాలాచోట్ల ఇంకా బాహాటంగానే ఉన్నాయి. కాబట్టి ఎక్కడున్నవారైనా స్కానర్ కొనే ముందు తమ కౌంటీలో ఏవి తాళం పడ్డాయో, ఏవి పడలేదో ఇంటర్నెట్‌లోని ఫ్రీక్వెన్సీల డేటాబేసులో చూసుకోవాలి. టాక్‌గ్రూప్ వరసలో ఎన్‌క్రిప్షన్ గుర్తు ఉందంటే ఆ వరసకు ఖర్చుపెట్టే ప్రతి డాలరూ నీళ్లపాలే. ఇంకొక అపోహ కూడా చాలామందికి ఉంది: 911కు ఫోను చేసినవాడి గొంతు స్కానర్‌లో రాదు. ఫోను అందుకుని సిబ్బందిని పంపే డిస్పాచర్ ఆ ఫోను విన్న తర్వాత సిబ్బందికి చెప్పే మాట మాత్రమే వస్తుంది.

ప్రశ్న: సార్, నేను ఇండియానాలో ఎం.ఎస్. చదువుతున్నాను. స్కానర్‌ను కారులో పెట్టుకుని తిరగవచ్చా?
— ఒక విద్యార్థి

జవాబు: వద్దు బాబూ. బాహాటంగా వచ్చే ప్రజాభద్రతా ప్రసారాలను వినడం 1986 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం కాదు గాని, కారులోకి వచ్చేసరికి రాష్ట్రాల చట్టాలు అడ్డుపడతాయి. ఇండియానా, ఫ్లోరిడా, కెంటకీ, మిన్నెసోటా, న్యూయార్క్ రాష్ట్రాలు వాహనంలో పోలీసు ఫ్రీక్వెన్సీలు అందుకునే పరికరాన్ని రకరకాల షరతులతో నిషేధించాయి. అమెచ్యూర్ రేడియో (సరదాకు రేడియో నడిపేవారి) లైసెన్సు ఉన్నవారికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి; వాటి వివరాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. ఫోనులో స్కానర్ యాప్ పెట్టుకున్నా ఇదే చిక్కు రావచ్చు. విద్యార్థి వీసా మీద ఉన్నవాడు రోడ్డు పక్కన పోలీసు అధికారికి చట్టంలోని మినహాయింపులు వివరించే పరిస్థితి తెచ్చుకోకూడదు. ఏ రాష్ట్రంలోనైనా విన్నదాన్ని నేరానికి వాడుకోవడం, పోలీసులు వెళ్లే చోటికి వెంటబడి వెళ్లడం తగని పనులు. సెల్‌ఫోన్ల పాత ఫ్రీక్వెన్సీలైన 824 నుంచి 849, 869 నుంచి 894 మెగాహెర్ట్జ్‌లు 1994 నుంచి అక్కడ అమ్మే స్కానర్లలో మూసేసి ఉంటాయి. వాటిని తెరిపిస్తామనేవాళ్ల జోలికి కూడా పోవద్దు.

ప్రశ్న: స్కానర్‌కు ఆరువందల డాలర్లు పెట్టలేను. ముప్ఫై నలభై డాలర్ల యూఎస్‌బీ పుల్లతో ఇదే పని అవుతుందంటున్నారు. అవుతుందా?
— ఒక పాఠకుడు, ట్రాయ్, మిషిగన్

జవాబు: అవుతుంది, పైగా సైమల్‌కాస్ట్ విషయంలో పాత స్కానర్ల కంటే బాగా అవుతుంది. టీవీ చూడటానికి తయారైన ఆర్‌టీఎల్ చిప్పును రేడియోగా వాడుకోవచ్చని 2012లో బయటపడ్డాక ఈ పుల్లలు ప్రపంచమంతా పాకాయి. అవి ఎత్తు, దశ రెండింటినీ కంప్యూటరుకు అందిస్తాయి. ఎస్‌డీఆర్‌ట్రంక్, ఓపీ25 వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు మిగతా పని చేస్తాయి. ఒక పుల్ల ఒకేసారి చూడగలిగేది సుమారు 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు. మీ సైటు ఫ్రీక్వెన్సీలు అంతకంటే దూరదూరంగా ఉంటే రెండు పుల్లలు కావాలి. మిషిగన్ రాష్ట్రవ్యాప్త వ్యవస్థ పి-25దే కాబట్టి నేర్చుకోవడానికి మీకు కావలసినంత సరుకు ఉంది. రెండు ఇబ్బందులు మాత్రం చెప్పాలి. ల్యాప్‌టాప్ మోసుకుని తిరగడం హ్యాండ్‌హెల్డ్‌తో సమానం కాదు. రెండవది, మొదటి వారాంతం మొత్తం డ్రైవర్ ఎక్కించడానికి, ఫ్రీక్వెన్సీ తేడా సవరించడానికే పోతుంది. ఆ ఓపిక లేనివారు డబ్బు కూడబెట్టుకుని స్కానరే కొనుక్కోవడం మేలు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో వాడిన స్కానర్‌ను వచ్చే సంక్రాంతికి హైదరాబాదు తెచ్చి నాకిస్తానంటున్నాడు. ఇక్కడ పోలీసుల మాటలు వినవచ్చునా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తేవద్దని ఈరోజే ఫోనులో చెప్పండి మాస్టారూ. అమెరికాలో వినడం హక్కు అన్నట్టు సాగుతుంది, మన దేశంలో అలా కాదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా రేడియో పరికరాన్ని దగ్గర పెట్టుకోవడాన్నే నేరమన్నది. ఒకప్పుడు ఇంట్లో ట్రాన్సిస్టరుకు కూడా పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకున్న తరం మీది, నాది. 2023 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టాన్ని ఆ పాత చట్టం స్థానంలో తెచ్చినా, రేడియో పరికరాలకు అనుమతి కావాలన్న మూలసూత్రం మారలేదు. కస్టమ్స్‌లో పట్టుబడితే పరికరం పోవడం ఒక్కటే కాదు, పోలీసుల మాటలు ఎందుకు వింటున్నావన్న ప్రశ్నకు మీరు, మీ అబ్బాయి జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఆకాశంలోని మాటలు వినాలన్న కోరిక గట్టిగా ఉంటే దానికి సరైన దారి మీ ఊళ్లోనే ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హైదరాబాదులోనే పనిచేస్తోంది. హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు పరీక్షకు తర్ఫీదు అక్కడ దొరుకుతుంది. పరీక్ష ప్యాసయితే వీయూ అన్న అక్షరాలతో మొదలయ్యే మీదైన పిలుపు గుర్తు వస్తుంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన హామ్‌శాట్ హామ్‌ల కోసం ఇస్రో చేసిన ఉపగ్రహం. తొమ్మిదేళ్లు అది పనిచేసింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు బడిపిల్లలతో మాట్లాడేటప్పుడు వాడేది 145.800 మెగాహెర్ట్జ్. అది డిజిటల్ కాదు, ట్రంకింగ్ లేదు, తాళమూ లేదు. కేంద్రం మీ డాబా మీదుగా వెళ్లే ఆ ఎనిమిది, పది నిమిషాలలో టవరు ఒక్కటే, పైగా అది కదులుతూ ఉంటుంది. లైసెన్సు చేతికి వచ్చాక ఆ సమయానికి డాబా ఎక్కండి.